మెనీకి చోటు

25 అక్టోబర్ 2024
రాత్రంతా గాలి. దానా తుపాను ఒడిశాలో ధామ్రా దగ్గర తీరం దాటిందట. ఇక్కడ ఖరగ్‌పూర్‌లో వాన ఆగలేదు. బళ్ళు చాలా రద్దు. మా ఆయన ఇంట్లోనే. యార్డులో షంటింగ్ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదని రాత్రే తెలిసింది.

తెల్లారేసరికి పెరటి గోడ మూల ఏడుపు. పిల్లి పిల్ల. అరచేతిలో ఇమిడిపోతుంది. తెలుపు, నలుపు, నారింజ. ముట్టుకోలేదు. తల్లి ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుపోతుంది, మిగతావాటికోసం మళ్ళీ వస్తుంది, మనిషి కనిపిస్తే రాదు అని అమ్మ చెప్పేది. తలుపు సందులోంచి మధ్యాహ్నం దాకా చూశాను. రాలేదు. నీళ్ళు అరుగెక్కుతున్నాయి. లోపలికి తెచ్చేశాను.

వాన తగ్గాక తల్లి వస్తే ఇచ్చేస్తాను. అంతే.

27 అక్టోబర్
తల్లి జాడ లేదు. మిగతా పిల్లల్ని ఎక్కడికి మోసుకుపోయిందో. దారిలో ఏమైందో.

పక్క క్వార్టర్ బెంగాలీ బౌదీ వచ్చి తోకెత్తి చూసింది. "హులో కాదు, మెనీ" అంది. మగది కాదు, ఆడదని. పశువుల డాక్టరు చూడకముందే చెప్పారు. మూడు రంగులుంటే దాదాపుగా ఆడదేనట. పళ్ళు చూసి అయిదు వారాలుండొచ్చన్నారు. ఆవుపాలు పొయ్యొద్దన్నారు. చాలా పిల్లులకి అరగవు, విరేచనాలవుతాయి. చిన్న చారాపోనా చేప ఉడికించి, ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా పెట్టమన్నారు.

ముల్లు తీసి చేత్తో మెదిపి పెట్టడం... మా అబ్బాయి చిన్నప్పటి తరవాత మళ్ళీ ఇదే.

పేరు పెట్టొద్దన్నారు ఆయన. పెడితే ఉండిపోతుందట. బౌదీ అప్పుడే మెనీ, మెనీ అని పిలుస్తోంది.

31 అక్టోబర్
కాళీపూజ. సాయంత్రం నుంచి బాంబులు. పిల్ల కనపడలేదు. మంచాల కింద, బియ్యం డబ్బా వెనక, అన్నీ వెతికాను. ఆయన డ్యూటీ సంచీలో దొరికింది. ఎర్ర జెండాకీ పచ్చ జెండాకీ మధ్య ముడుచుకుని. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో.

ఆయన ఏమీ అనలేదు. జెండాలు ఒక్కొక్కటే తీసి, దాన్ని రెండు చేతుల్తో ఎత్తి నాకిచ్చి, మళ్ళీ సర్దుకున్నారు. గడప దగ్గర నా చేతిలోంచి దూకి ఆయన కాళ్ళకి అడ్డంగా పరిగెత్తింది. అత్త ఉంటే వెనక్కి పిలిచి, కూచోబెట్టి, మంచినీళ్ళు తాగించేది. ఆయన ఆగారు. గడియారం చూసుకున్నారు. వెళ్ళిపోయారు.

రాత్రంతా మేలుకున్నాను. పిల్లి వల్ల కాదు అనుకుంటాను.

1 నవంబర్
బండి క్షేమంగా చేరింది. ఫోన్ చేశారు. "అది అన్నం తిందా?" అని అడిగారు.

5 నవంబర్
నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వచ్చాను. యార్డు వెనక చిన్నప్పుడు నాన్నతో వెళ్ళిన పుట్ట ఇప్పుడు లేదు. అక్కడ గోడ కట్టేశారు. అవతల ఇంకొకటి ఉంది. సిక్కోలు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు ముందే చేరారు.

ఆయన రిటైరయ్యాక, వచ్చే ఏడు ఎక్కడ పోస్తాను? విశాఖలో అబ్బాయి ఫ్లాటు ఎనిమిదో అంతస్తు.

తాతలు బి.ఎన్.ఆర్. రైల్వే రోజుల్లో వచ్చారు. నాన్న వర్క్‌షాపు. ఆయన గార్డు. నేను పుట్టిందీ, కాపురం చేసిందీ ఈ లైన్లలోనే. ఎప్పటికైనా ఖాళీ చెయ్యాల్సిన ఇల్లేనని తెలుసు. తెలిసి ఉండటం వేరు.

18 నవంబర్
వాడి ఫోన్. కోడలికి మూడో నెల. నోట మాట రాలేదు నాకు. దేవుడి దగ్గర దీపం పెట్టి కాసేపు అక్కడే కూచున్నాను.

వియ్యపురాలికి మోకాలి ఆపరేషన్. పురుడు మా చేతిలోనే. మే నెల. జనవరిలో ఈయన రిటైర్‌మెంట్ అయిపోగానే వచ్చెయ్యమంటున్నాడు.

చివర్లో, "అమ్మా, ఆ పిల్లి సంగతేంటి?"

చూద్దాంలే నాన్నా అన్నాను. ఏం చూస్తాను?

26 నవంబర్
మొదటి టీకా. సూది గుచ్చినా అరవలేదు. నా చీర కొంగులో తల దూర్చేసింది.

కడుపుతో ఉన్నవాళ్ళకి పిల్లి వల్ల హాని ఉందా అని డాక్టర్ని అడిగాను. పచ్చి మాంసం, ఎలుకలు తినే పిల్లుల మలంలో ఒక పరాన్నజీవి ఉండొచ్చట. టాక్సోప్లాస్మా. ఇసుక పళ్ళెం వేరేవాళ్ళు రోజూ శుభ్రం చేస్తే, ఉడికించిన తిండే పెడితే, చేతులు కడుక్కుంటే భయపడాల్సింది లేదన్నారు. మాంసం సరిగా ఉడక్కుండా తిన్నా, మట్టిలో పనిచేసి చేతులు కడుక్కోకపోయినా అదే ముప్పు. పిల్లిని వీధిలోకి తొయ్యక్కర్లేదన్నారు.

వాడికి చెప్పాను. విన్నాడు. "అద్దె ఇల్లమ్మా. ఆమె కూడా భయపడుతోంది" అన్నాడు.

వాళ్ళ ఇల్లు. భయపడే పిల్లని భయపెట్టి నేను సాధించేదేముంది? తీసుకెళ్ళను. అయితే ఎక్కడ?

12 డిసెంబర్
మా లైను కొసనున్న క్వార్టర్ ఖాళీ అయింది. లారీ వెళ్ళిపోయింది. సాయంత్రం పాలకి వెళ్తుంటే ఆ ఇంటి గడప మీద వాళ్ళ బూడిదరంగు పిల్లి.

తలుపుకి తాళం. అది తలుపుకేసి చూస్తోంది.

"పిల్లే కదా, ఎలాగో బతుకుతుంది" అంది నాతో వచ్చినామె. కుక్కకి మనిషి, పిల్లికి ఇల్లు అంటారు. ఇల్లంటే ఏమిటి? గోడలా? పొద్దున్నే పొయ్యి వెలిగించే మనిషి లేకపోతే అది ఇల్లెలా అవుతుంది దానికి?

చేప ముక్క పెట్టాను. తినలేదు.

15 డిసెంబర్
బూడిద పిల్లి ఇంకా అక్కడే. ఈవేళ తింది. నన్ను దగ్గరికి రానివ్వదు.

మా నిమ్‌పురాలో ఇలాంటి పిల్లులు ఎన్నో. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఇంతకు ముందు ఎందుకు కనపడలేదు?

20 డిసెంబర్
రెండో టీకా, రేబిస్ టీకా. చిన్న పుస్తకంలో తేదీలు రాసిచ్చారు. నా పేరుకింద 'మెనీ' అని రాశారు. ఆయన ఆ పుస్తకం తీసుకుని బ్యాంకు పాస్‌బుక్కులతోపాటు పెట్టారు.

రాత్రి ఒళ్ళు వేడి. మందకొడిగా పడుకుంది. పక్కింటాయన పారాసిటమాల్ చుక్క వెయ్యమన్నాడు. డాక్టరుకి ఫోన్ చేశాం. గట్టిగా చెప్పారు. ఆ మందు పిల్లికి విషం, సగం మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. టీకా వేసిన రోజు కాస్త వేడి ఉంటుంది, తగ్గిపోతుంది, నీళ్ళు పెట్టండి చాలన్నారు.

పొద్దున్న లేచి కర్టెన్ ఎక్కింది.

6 జనవరి 2025
గోల్‌బజార్‌లో కిరాణా కొట్టాయన పిల్లి కావాలన్నాడు. గోదాములో ఎలుకలట. మంచి మనిషే. నాన్న రోజుల నుంచి తెలుసు.

"ఎలుకల మందు పెడతారా బాబూ?"

"పెడతామమ్మా, లేకపోతే ఆగుతాయా?"

మందు తిన్న ఎలుకని ఇది తింటే? ఆ విషం దీని ఒంట్లోకి పోదా? వద్దని చెప్పి వచ్చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ.

13 జనవరి
భోగి. లైనులో పిల్లలందరూ కర్రలు పోగేశారు. తెలుగువాళ్ళూ, ఒడియావాళ్ళూ, బీహారువాళ్ళూ అందరూ మంట చుట్టూ. మెనీ కిటికీలోంచి చూసింది. బయటికి రాలేదు.

ఇదే ఇక్కడ ఆఖరి భోగి. ఎవరితోనూ అనలేదు.

19 జనవరి
న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక కుర్ర జంట తీసుకున్నారు. కొత్తగా కాపురం పెట్టారు. ముచ్చటగా అడిగారు. గిన్నె, ఇసుక పళ్ళెం, అది పడుకునే నా పాత చీర ముక్క, అన్నీ ఇచ్చాను. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ ఖర్చు నాదే అని చెప్పాను.

టోటో రిక్షాలో వెనక్కి వస్తుంటే ఆయన, "బాగా చూస్తారులే" అన్నారు. నేనేమీ అనలేదు.

ఇల్లు సర్దాలి. సామాన్లు కట్టాలి. చెయ్యి ఆడటం లేదు.

24 జనవరి
చూసి రావాలనిపించి వెళ్ళాను. వరండాలో నైలాను తాడు. ఒక కొస కిటికీ చువ్వకి, ఇంకో కొస దాని మెడకి. నీళ్ళ గిన్నె అందనంత దూరంలో ఒరిగిపోయి ఉంది. "పారిపోతోందాంటీ, మరేం చెయ్యం" అందా అమ్మాయి. చెడ్డ పిల్ల కాదు. తెలీదు. అంతే. పిల్లి గోడ దూకుతుంది, తాడు బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. అది చెప్పాను. తాడు విప్పాను. గోల చెయ్యలేదు. బుట్టలో పెట్టుకుని తెచ్చేసుకున్నాను.

మెడ చుట్టూ బొచ్చు ఊడి ఎర్రగా ఉంది. ఆయన కొబ్బరినూనె తీశారు. నాకుతుంది వద్దన్నాను. కూచుని దాని మెడ మీద ఊదుతున్నారు.

ఇక మీదట అడిగే ప్రశ్నలు రాసి పెట్టుకుంటున్నాను. సొంత ఇల్లేనా? ట్రాన్స్‌ఫర్ ఉందా? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మీరు ఊరెళ్తే ఎవరు పెడతారు? జబ్బు చేస్తే డాక్టరుకి చూపిస్తారా?

ముందు వాళ్ళే దీని గురించి ఏమైనా అడుగుతారా, అది చూడాలి.

31 జనవరి
ఈవేళ రిటైరయ్యారు. దండలు, శాలువా, ఫోటోలు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అందరూ నించున్నారు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని నాన్న ప్రతి చుట్టానికీ చూపించేవారు. తరవాత గోరఖ్‌పూర్ వచ్చింది, తరవాత హుబ్బళ్ళి. మాకు ఇదే.

క్వార్టర్ నాలుగు నెలలు మామూలు అద్దెకే ఉంచుకోవచ్చు. మే దాకా. కోడలికోసం ఏప్రిల్‌లోనే వెళ్ళాలి.

ఇంటికొచ్చి దండ తీసి కుర్చీకి తగిలించారు. మెనీ బంతిపువ్వులు ఒక్కొక్కటీ లాగి గదంతా దొర్లించింది. చూస్తూ కూచున్నారు. చాలాసేపు.

3 ఫిబ్రవరి
బౌదీ వాళ్ళింట్లో శీతల షష్ఠి. పొయ్యి వెలిగించరు. నిన్న ఉడికించిన గోటా సెద్దో తెచ్చిచ్చింది. పెసలు, చిన్న వంకాయలు, బంగాళాదుంపలు, ఏదీ తరక్కుండా. చల్లగా, రుచిగా ఉంది.

షష్ఠీదేవి పిల్లల్ని కాచే తల్లి. వాహనం పిల్లి. కథ చెప్పింది. చిన్నకోడలు దొంగతనంగా తిని పిల్లి మీద పెట్టిందట. ఆ పిల్లి కోడలికి పుట్టిన బిడ్డనల్లా ఎత్తుకెళ్ళి దేవికి అప్పగించిందట. కోడలు నిజం ఒప్పుకుని పిల్లి కాళ్ళు పట్టుకున్నాక బిడ్డలు తిరిగొచ్చారు.

"మీ ఇంట్లో బిడ్డ రాబోతోంది దీదీ, దీన్ని ఏడిపించకండి" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. పిల్లి ఎదురొస్తే అత్త కూచోబెట్టేది. ఈమె దండం పెడుతోంది. ఒకే జంతువు.

భయంతో వెతుకుతున్నానా దీనికి ఇల్లు, ప్రేమతోనా? రెండూ ఉండకూడదా?

బౌదీయే ఉంచుకుంటానంది. మీ ఆయనకి ఆద్రా ట్రాన్స్‌ఫర్ వస్తుందంటున్నారు కదా అన్నాను. తల దించుకుంది.

20 ఫిబ్రవరి
మెనీకి ఆపరేషన్ అయింది. పిల్లలు పుట్టకుండా. అయిదు నెలలు నిండాయి. ఇంకా ఆగితే కడుపు నిలబడే వయసేనన్నారు డాక్టరు. మోసేది రెండు నెలలే. ఈత ఈతకీ నాలుగైదు పిల్లలు. ఏ గోడ మూల, ఏ వానలో ఏడవాలి అవన్నీ?

మత్తు దిగక తూలుతోంది. మెడకి అట్ట గొట్టం లాంటిది కట్టారు, కుట్లు నాక్కోకుండా. రాత్రంతా ఆయన నేల మీదే పడుకున్నారు, దాని పక్కన.

4 మార్చి
కుట్లు విప్పారు. గాయం శుభ్రంగా ఉంది.

అక్కడే, డాక్టరు దగ్గర, కలిసింది ఒకామె. తన పిల్లికి మందుకోసం వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట. పార్వతీపురం వాళ్ళు. తాల్‌బగీచాలో సొంత ఇల్లు కట్టుకుంది, ఖరగ్‌పూర్ వదలదట. ముసలి పిల్లి ఉండేది, మొన్న దీపావళికి ముందు పోయింది. ఇప్పుడున్నది ఒక్కటే, ఒంటరిదైపోయిందట.

"ఏం తింటాది?" "దేనికి భయం?" "రాత్రి ఎక్కడ పడుకుంటాది?"

నేను రాసి పెట్టుకున్న ప్రశ్నలు కాగితం మీదే ఉండిపోయాయి. ఆమే అడిగింది, ఒక్కొక్కటీ. బాంబులకి భయం అప్పా అన్నాను. బుట్టలోకి వేలు పెట్టి వాసన చూడనిచ్చింది. గీకలేదు మెనీ.

8 మార్చి
ఆ నర్సు అప్ప ఇంటికి వెళ్ళి చూసొచ్చాం. కిటికీలకి జాలీ. పెరట్లో మందారం, తులసి. లిల్లీ ఉందా అని ఆయన అడిగారు. లిల్లీ మొక్క పిల్లికి విషమని డాక్టరు చెప్పింది గుర్తు పెట్టుకున్నారు. లేదంది.

ఆమె పిల్లికి టీకా పుస్తకం ఉంది. మెనీదీ అడిగి చూసింది. తేదీలు చదివింది. "బాగా చూసుకున్నావమ్మా" అంది.

టోటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇదే అని ఇద్దరికీ తెలిసిపోయింది.

16 మార్చి
ఇచ్చేశాం.

కాసాయి నది ఇసుక ఒక బస్తా, చీర ముక్క, గిన్నె. ముందు ఒక గదిలోనే ఉంచుతుందట. రెండో పిల్లి తలుపు కింద నుంచి వాసన చూసుకుంటుంది, తరవాత మెల్లగా కలుపుతుంది. కొన్ని వారాలు బయటికి వదలొద్దన్నారు డాక్టరు. వదిలితే పాత ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మధ్యలో రోడ్లు, పట్టాలు.

మంచం కిందికి దూరిపోయింది. పిలిచాను. రాలేదు. అప్ప నేల మీద కూచుని పేపరు తెరిచింది. దానికేసి చూడలేదు, పిలవలేదు. "దానికి ఎప్పుడనిపిస్తే అప్పుడొస్తాది. మీరు బయల్దేరండి" అంది.

బయల్దేరాం.

18 మార్చి
ఫోన్ చెయ్యకూడదనుకున్నాను. ఆయన చేశారు. రాత్రి తిందట. పగలు మంచం కిందే.

మాతా పూజల డప్పులు. లైన్లో ముర్రాట కుండలు తీసుకెళ్తున్నారు. బిడ్డకోసం మొక్కుకున్నాను. దీనికోసం కూడా.

23 మార్చి
మంచం కింద నుంచి వచ్చిందట. అప్ప పేపరు మీద కూచుందట.

సంతోషం. తరవాత ఏడ్చాను. ఎందుకో రాయను.

బూడిద పిల్లికి రోజూ పెడుతున్నాను. ఇప్పుడు కాళ్ళకి రాసుకుంటోంది. దీనికి కూడా ఆపరేషన్ చేయించి వెళ్ళాలి. పెద్దది, ఇంట్లో ఉండదు. రోజూ పెట్టే బాధ్యత బౌదీ తీసుకుంది. బౌదీ తరవాత ఎవరు? కింద లైను కుర్రాళ్ళతో మాట్లాడాలి.

30 మార్చి
ఉగాది. సగం సామాన్లు మూటల్లో. వేపపువ్వు బౌదీ వాళ్ళ చెట్టుది. పచ్చడి ఆమెకీ ఇచ్చాను.

అప్ప ఫోటో పంపింది. రెండు పిల్లులూ ఒకే కిటికీలో. ఒకదానికొకటి ఎడంగా. ఆయన ఫోటో వాడికి పంపారు. "బావుంది నాన్నా, మీ కోడలు చూసి నవ్వింది" అని జవాబు.

రేబిస్ టీకా మళ్ళీ డిసెంబరులో. పుస్తకం అప్ప దగ్గరే. ఆమె గుర్తు పెట్టుకుంటుంది.

ఏప్రిల్‌లో క్వార్టర్ తాళం అప్పగిస్తాం. కరెంటు, నీళ్ళు, అద్దె, అన్నిటికీ బాకీ లేదని కాగితం ఇస్తారు. ఆ కాగితంలో పెంచిన ప్రాణి గురించి రాయడానికి గడి లేదు. ఉన్నా లేకపోయినా, దానికి చోటు చూపించాకే తాళం ఇవ్వాలి.